ఊరి చరిత్ర పుస్తకం వేయించాం: 45 వేలకు తగ్గ పనేనా?

పుస్తకం అచ్చయి వచ్చింది, మా ఊరి గుడిలో భారతం జరిగే రోజుల్లో పంచేశాం, పొగడ్తలూ తిట్లూ రెండూ వినేశాం. ఇంక తీరిగ్గా ఈ సర్వీసు గురించి రాయొచ్చు.

ఊరి చరిత్ర రాసి పుస్తకం వేసిస్తామనే షాపు ఒకటి తిరుపతిలో ఉంది. బాలాజీకాలనీ వైపు, కింద జిరాక్సు, పైన డీటీపీ చేసే రెండు గదులు. మంచితోపాటు లోపాలు కూడా చెప్పబోతున్నా కాబట్టి షాపు పేరు రాయడం లేదు. మా ఊరి పేరు కూడా పూర్తిగా రాయను. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. పాకాల మండలంలో దామలచెరువుకు దగ్గర, చివర 'కండ్రిగ' అని వచ్చే ఊరు. అంతవరకు చాలు.

నేను అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయ్యాను. ఇంటింటి సర్వే రిజిస్టర్లు రాయించడం, తప్పులు పట్టడం నా ఉద్యోగం. అందుకే గుడి కమిటీ వాళ్లు ఈ పుస్తకం పని నా నెత్తిన పెట్టారు. మా ఊర్లో ధర్మరాజుల గుడి ఉంది. ఎండాకాలంలో పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం, మధ్యలో అర్జున తపస్సు మాను ఎక్కడం, చివరి రోజు పొద్దున దుర్యోధన వధ, సాయంత్రం అగ్నిగుండం. బెంగుళూరు, చెన్నై, తిరుపతిలో ఉన్న మా వాళ్లంతా ఊరికొచ్చేది ఆ రోజుల్లోనే. అప్పుడు పంచాలని కమిటీ ఆలోచన. ఇంతకుముందైతే స్టీలు డబ్బాలో, ప్లాస్టిక్ కుర్చీలో ఇచ్చేవాళ్లు దాతలు. ఈసారి పుస్తకం.

64 పేజీలు, 300 కాపీలు, మడిచిపెట్టిన ఒక మ్యాపు, లోపల ఎనిమిది రంగుల పేజీలు. అన్నీ కలిపి 45 వేలు, సగం అడ్వాన్సు. ఊరికొచ్చి మాట్లాడటం, రికార్డులు వెతకడం అందులోనే. వచ్చేవాళ్లు ముగ్గురు. రెవెన్యూలో సర్వేయర్‌గా చేసి రిటైరైన సార్ ఒకాయన, ఎస్వీ యూనివర్సిటీలో హిస్టరీ పీజీ చేసిన అమ్మాయి ఒకరు, ఫొటోలూ టైపింగూ చూసే అబ్బాయి ఒకడు.

మొదటి డ్రాఫ్టు చూసి నాకు ఒళ్లు మండింది. మొదటి ఇరవై పేజీల్లో మా ఊరే లేదు! చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడిందని, పాత ఉత్తర ఆర్కాటు నుంచి కొంత, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు తెచ్చి కలిపారని, కార్వేటినగరం, పుంగనూరు, కాళహస్తి జమీందారీలున్నాయని అంతా ఉంది. అన్నీ నిజాలే. కానీ అవి ఏ ఊరి పుస్తకంలో పెట్టినా సరిపోయే పేజీలు. పేరు మార్చి పక్క ఊరికి అమ్ముకోవచ్చు. ఇంతకుముందు వేరే ఊరికి చేసిన పుస్తకం చూపించమని అడిగితే సార్ కొంచెం నసిగాడు. చూపిస్తే ఆ ఇరవై పేజీలు అక్షరం పొల్లుపోకుండా అవే. మీరు ఎవరి దగ్గర చేయించినా ముందు ఈ పని చేయండి. పాత పుస్తకం తెప్పించుకుని పక్కపక్కన పెట్టి చూడండి.

గట్టిగా అడిగాక ఆ ఇరవై పేజీలను ఒక్క పేజీకి దించారు. ఆ ఒక్క పేజీ మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. మా ఇంట్లోవి, పొరుగింట్లోవి నాలుగు పాత పత్రాలు తీసుకుని ఫొటోలు పక్కపక్కన వేశారు. మొదటిదాంట్లో 'ఉత్తర ఆర్కాటు జిల్లా, చంద్రగిరి తాలూకా'. రెండోదాంట్లో 'చిత్తూరు జిల్లా, చంద్రగిరి తాలూకా'. మూడోది 1985లో మండలాలు వచ్చిన తర్వాతది, 'చిత్తూరు జిల్లా, పాకాల మండలం'. నాలుగోది 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టిన తర్వాతది, 'తిరుపతి జిల్లా, పాకాల మండలం'. నాలుగింట్లోనూ అదే సర్వే నంబరు, అదే చెరువు కింద కయ్య (మడి). మా పిల్లలకు జిల్లా చరిత్ర అర్థమైంది ఆ పేజీ చూసే. చిత్తూరు కలెక్టరేటుకు పోయే బస్సు మానేసి తిరుపతికి ఎప్పట్నుంచి పోతున్నామో మా అత్తకు కూడా గుర్తొచ్చింది.

ఇంక పేరు అధ్యాయం. పుస్తకానికి ప్రాణమూ అదే, పేచీ అంతా కూడా దాంట్లోనే.

సర్వేయర్ సార్ పద్ధతి నాకు నచ్చింది. ఊరి పేరును తలా తోకా రెండు ముక్కలు చేస్తాడు. తోకను చూస్తే ఊరు ఎలా పుట్టిందో తెలుస్తుంది, తల మాత్రం ఆ ఊరికే సొంతం, దాన్ని ఊళ్లోనే వెతకాలి అంటాడు. మా వైపు పల్లె, వారిపల్లె, పాళెం, పురం, సముద్రం, గుంట, కండ్రిగ. సముద్రం అని ఉంటే పెద్ద చెరువు ఉండాలి, లేదా ఒకప్పుడు ఉండి ఉండాలి. పాళెం అంటే పాళెగాళ్ల కాలంలో దండు విడిసిన చోటో, వాళ్ల ఏలుబడిలోదో. కండ్రిగ అంటే పెద్ద ఊరి భూమిలోంచి ఒక ముక్క తీసి ఎవరికో మాన్యంగా రాసిస్తే, ఆ ముక్కమీద లేచిన చిన్న ఊరు. కాబట్టి ఏ కండ్రిగకైనా అడగాల్సిన ప్రశ్నలు రెండే. ఎవరికిచ్చారు, ఎందుకిచ్చారు?

చుట్టుపక్కల ఊళ్ల పేర్లకు నాలుగు పేజీలు కేటాయించారు. ఇవి నేను తిరగేసి తిరగేసి చదివాను. చిత్తూరు అంటే చిన్న ఊరు, అరవంలో 'చిరు'కు 'ఊరు' చేరితే వచ్చింది. తిరుపతి పక్కనున్న పేరూరు అంటే పెద్ద ఊరు. ఇప్పుడు చూస్తే చిన్న ఊరు జిల్లా కేంద్రమైంది, పెద్ద ఊరు తిరుపతి రూరల్‌లో ఒక పల్లెగా మిగిలింది. కాణిపాకంలో 'కాణి' అంటే తడి పొలం కొలత, 'పాకం' అంటే ఆ పొలంలోకి నీళ్లు పారడం అని చెబుతారు. బావిలోంచి వినాయకుడు బయటపడి, ఆ నీళ్లు కాణి మేర పారాయన్న కథకూ పేరుకూ సరిపోయింది. కార్వేటినగరం విషయంలో రెండు మాటలున్నాయి. అడవి కొట్టి కట్టిన ఊరు, అంటే అరవంలో 'కాడు వెట్టి' అని ఒక మాట. 'కాడువెట్టి' అనేది పల్లవ రాజుల బిరుదు కూడా కాబట్టి దాన్నుంచి వచ్చిందని ఇంకో మాట. ఏది ఖాయమో తేల్చకుండా రెండూ రాసి వదిలేశారు. నాకు అదే బాగుంది.

తిరుచానూరుకు శుకమహర్షి పేరుమీద శ్రీశుకనూరు అనే కథ అందరికీ తెలిసిందే. పాత శాసనాల్లో మాత్రం 'తిరుచ్చొగినూరు' అని కనిపిస్తుంది. అన్నింటికన్నా గమ్మత్తైనది గుడిమల్లం. ఏర్పేడు మండలంలో, పాపానాయుడుపేట దాటి పోవాలి. క్రీస్తుకు ముందు రెండో శతాబ్దమో, మొదటి శతాబ్దమో అని పండితులు లెక్కగట్టే శివలింగం ఉన్న ఊరు. ఆ గుడిలో పల్లవుల, బాణుల, చోళుల కాలం శాసనాలు ఉన్నాయి. వాటిలో ఎక్కడా గుడిమల్లం అనే పేరు లేదట. 'తిరువిప్పిరంబేడు' అని ఉంటుంది, అంటే విప్రుల ఊరు. గర్భగుడి పల్లంలో ఉంటుంది, మెట్లు దిగి పోవాలి. ఆ 'గుడిపల్లం' గుడిమల్లం అయిందంటారు. అంత పెద్ద గుడి ఉన్న ఊరికే శాసనంలో ఒక పేరు, జనం నోట్లో ఇంకో పేరు. ఈ పేజీ చదివాక మా పెద్దోళ్లు మా ఊరి సంగతిలో కొంచెం మెత్తబడతారని ఆశపడ్డాను.

మా ఊరి పేరుకు తల ఒక మనిషి పేరు. ఆ మనిషి ఎవరనేదే పేచీ. ఊళ్లో పెద్ద ఇంటివాళ్లు చెప్పే కథ ప్రకారం ఆయన ఒక పాళెగాడి తమ్ముడు, గుర్రమ్మీద వచ్చి, కుందేలు వేటకుక్కను తరిమిన చోట ఊరు కట్టాడు. కుందేలు వేటకుక్కను తరమడం విన్నారు కదా, దక్షిణాదిలో ఊరు కట్టిన ప్రతివాడికీ ఆ కుందేలే కనబడింది! హంపీకి అదే కథ, మాకూ అదే కథ.

షాపు వాళ్లు ఎక్కడెక్కడో తిరిగి 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టర్ నకలు సంపాదించారు. తెల్లదొరల కాలంలో ఇనాం కమిషన్ ఊరూరా మాన్యాలను విచారించి రాయించిన రిజిస్టర్ అది. ఎవరికి ఇచ్చారు, ఏ పనికి ఇచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, అన్నీ గళ్లు గళ్లుగా ఉంటాయి. మా ఊరి వరసలో మొదట మాన్యం పొందిన మనిషి పేరు ఊరి పేరులో ఉన్నదే. పని అనే గడిలో ఉన్నది నీరుగంటి. పెద్ద ఊరి చెరువు తూము ఎత్తి దించి, ఏ కయ్యకు ఎంతసేపు నీళ్లో చూసే మనిషి. ఆయన వంశం వాళ్లు ఇప్పటికీ తూముకు దగ్గర వీధిలోనే ఉన్నారు. ఆ వీధికి పంచాయతీ పెట్టిన బోర్డులో ఇప్పటికీ 'హరిజనవాడ' అనే ఉంది. ఇంతకన్నా విడమర్చి చెప్పాల్సిన పని లేదనుకుంటా.

ప్రూఫు చదవడానికి గుడి ముందర కూర్చున్నాం. మా పెదనాయన ఆ పేజీ దగ్గర ఆగి కళ్లజోడు తీసేశాడు.

"ఏందిబ్బా ఇది? మన ఊరికి నీరుగంటోడి పేరా? చుట్టుపక్కల ఊళ్లోళ్లు నవ్వరా?"

సర్వేయర్ సార్ తడుముకోలేదు. "నవ్వితే నవ్వనీ పెద్దాయనా. తూము ఎత్తినోడు లేకపోతే మీ కయ్యలు పండినాయా?"

"ఆ పేజీ తీసేయండి. డబ్బులు కట్టేది మేము."

"తీసేస్తే మీ అడ్వాన్సు మీకిచ్చేస్తాం, పుస్తకం మేము వెయ్యం" అన్నాడాయన. గొంతు పెంచలేదు. పక్కనున్న హిస్టరీ అమ్మాయి రిజిస్టర్ నకలు తీసి పెదనాయన చేతికిచ్చి, "మీరే చదవండి తాతా" అంది. అందులో గొలుసుకట్టు రాత. మా పెదనాయన పాత కరణం దగ్గర పనిచేసిన మనిషి, ఆయనకు ఆ రాత వచ్చు. చాలాసేపు చదివాడు. చదివి, "ఈ రాత ఎవురిదో గానీ ముత్యాల్లా ఉండాది" అన్నాడే గానీ అసలు విషయం మాట్లాడలేదు.

చివరికి రాజీ ఏమంటే, 'ఊళ్లో చెప్పుకునే మాట' అని ఒక శీర్షిక కింద పాళెగాడు, గుర్రం, కుందేలు. 'రికార్డులో ఉన్నది' అని ఇంకో శీర్షిక కింద నీరుగంటి, పక్కనే రిజిస్టర్ ఫొటో. రెండూ ఒకే సైజు అక్షరాలు. ఈ సర్వీసుకు నేను మార్కులు వేసేది ఇక్కడే. డబ్బులిచ్చేవాడు చెప్పినట్టు రాసే షాపులకు కొదవ లేదు. వంశవృక్షం అడిగితే శ్రీకృష్ణదేవరాయలు దాకా తీసుకుపోయి కలిపేస్తారు. వీళ్లు పేజీ వదలుకోవడానికి ఒప్పుకోలేదు. పంచిన రోజు ఆ వీధి కుర్రాడొకడు, బెంగుళూరులో పార్సిళ్ల కంపెనీలో చేస్తాడు, పది కాపీలు అడిగి తీసుకెళ్లాడు. పెద్ద ఇంటివాళ్లు తమ కాపీలు తీసుకోలేదు. అట్టపెట్టెలో నా దగ్గరే ఉన్నాయి, కావాలంటే వస్తారు.

జనాభా అధ్యాయం మాత్రం మొదట చెత్తగా చేశారు. గ్రాఫు గీశారు, పైకి లేచి కిందపడి మళ్లీ లేచింది. చూడగానే అనుమానం వచ్చింది. మా ఊరికి అంత హడావిడి ఎప్పుడూ లేదు. అడిగితే తెలిసిందేమంటే కొన్నేళ్ల అంకెలు సెన్సస్ పుస్తకాల్లోంచి, ఒక అంకె పంచాయతీ ఆఫీసు గోడమీద పెయింటుతో రాసినదాంట్లోంచి తీశారు. సెన్సస్ లెక్కపెట్టేది రెవెన్యూ గ్రామాన్ని. ఒక రెవెన్యూ గ్రామంలో మూడు నాలుగు మజరాలు, అంటే శివారు పల్లెలు ఉండొచ్చు. పంచాయతీ హద్దు వేరు, దాంట్లో పక్క రెవెన్యూ గ్రామం మజరా ఒకటి కలిసి ఉండొచ్చు. ఈ రెండూ కలిపి ఒకే గీత గీస్తే జనం పుట్టినట్టూ చచ్చినట్టూ కనబడుతుంది. సర్వేయర్‌గా చేసిన ఆయనకు ఇది తెలియకపోవడం ఏంటని అడిగాను. గ్రాఫు టైపింగ్ అబ్బాయి చేశాడని తోసేశాడు. అబ్బాయిని వెనకేసుకురావాల్సిన మనిషి అట్లా అనడం నాకు నచ్చలేదు.

తర్వాత సరిచేశారు. సెన్సస్ అంకెలు సెన్సస్‌వే పెట్టి, 2011తో ఆపేశారు. 2021లో జరగాల్సిన లెక్క జరగలేదు కదా. తర్వాతి జనం లెక్క 2027 ఫిబ్రవరిలో అని ప్రకటించారు. అంటే ఈలోపు మా ఊర్లో ఎంతమంది ఉన్నారని ఎవరు ఏ అంకె చెప్పినా అది పాతదే, లేదా అంచనా. ఆ ఖాళీని పూడ్చడానికి అంగన్‌వాడీ సర్వే వాడుకోమని నేనే చెప్పాను. అది ఇల్లిల్లూ తిరిగి రాసేది, ఎవరు పోయారో ఎవరొచ్చారో దాంట్లో తెలుస్తుంది. పేర్లు లేకుండా వీధివారీగా లెక్క తీసి వేశారు. మా వీధిలో ఇళ్లు 26. తాళం వేసినవి 9. ఆ తొమ్మిదింటి తాళంచెవులూ ఎదురింటి ముసలమ్మ కొంగుకే ఉంటాయి. పండగలకు ముందు ఆమె ఒక్కో ఇల్లూ తెరిచి ఊడుస్తుంది, ఒక్కో ఇంటికి ఇంతని తీసుకుంటుంది. ఇప్పుడది ఆమెకు జీతం లాంటిది. ఆమె ఫొటో వేశారు, తాళాల గుత్తితో. నేను కమిటీలో ఉండి అడిగి వేయించిన ఒకే ఒక్క ఫొటో అది.

జనం ఎందుకు తగ్గారని రాసిన పేజీలు బాగున్నాయి. మా చిన్నప్పుడు మెట్ట చేలంతా వేరుశనగ. విత్తడం, కలుపు, పీకడం, కాయలు కొట్టడం, ఏడాదిలో సగం రోజులు మనుషులు కావాలి. వానలు సరిగ్గా పడక, కూలీలు దొరక్క, బోర్లు లోతుకు పోయి, మెల్లగా మామిడి పెట్టారు. ఎక్కువగా తోతాపురి, గుజ్జు ఫ్యాక్టరీలకు పోయేది. మామిడి చెట్టుకు రోజూ మనిషి అక్కర్లేదు. దున్నకం ఒకసారి, మందు కొట్టడం ఒకటి రెండుసార్లు, కాయ కోత. ఆసామి తిరుపతిలో ఉండి కూడా తోట చూసుకోవచ్చు. కరువు తరిమిందని అందరూ అంటారు గానీ మామిడి కూడా మనుషుల్ని ఊర్నుంచి వదిలిపెట్టిందని వీళ్లు రాశారు. ఆ మాట నాకు ఇంతకుముందు తట్టలేదు. చదివాక మా బావమరిది సంగతి అంతే కదా అనిపించింది. తిరుపతి పక్కనే తుమ్మలగుంటలో ఇల్లు కట్టుకుని, ఆదివారం బండిమీద వచ్చి తోట చూసి సాయంత్రానికి పోతాడు. రేషన్ కార్డు ఇక్కడ, కరెంటు మీటరు అక్కడ. 2011లో తిరుపతి నగరం జనం 2.87 లక్షలని లెక్క. అందులో మా కండ్రిగలూ పల్లెలూ ఎన్ని కలిసి ఉన్నాయో.

పాత కాలం తగ్గుదలలు కూడా రాశారు. 1876-78 ధాత కరువు గురించి మా జేజవ్వ వాళ్ల జేజవ్వ చెప్పిందని ఒక ముసలామె చెప్పింది యథాతథంగా వేశారు. బలుసాకు వండుకోవడం, పశువుల్ని అడవికి తోలేసి రావడం. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో కరువు దెబ్బ తిన్న జిల్లాల్లో 1871 కన్నా 1881లో జనం తక్కువ తేలిన సంగతి పక్కనే పెట్టారు. 1918 ఇన్‌ఫ్లుయెంజా తర్వాత దేశం మొత్తం జనాభా 1911 కన్నా 1921లో తగ్గిందని కూడా ఒక్క వాక్యం ఉంది. ఒక్క వాక్యమే ఎందుకంటే మా ఊళ్లో దాని గురించి చెప్పేవాళ్లు ఎవరూ దొరకలేదు. దొరకనప్పుడు కథ అల్లలేదు, సంతోషం.

ఒక పెద్ద లోపం మాత్రం అట్లాగే ఉండిపోయింది. పోయినవాళ్ల గురించి ఆరు పేజీలు, వచ్చినవాళ్ల గురించి అక్షరం లేదు. చెరువుకు పడమర ఇటుకబట్టీలో ఒడిశా వాళ్లు పనిచేస్తున్నారు, వాళ్ల పిల్లలు మా అంగన్‌వాడీకే వస్తారు. అంతకుముందు తరంలో అరవం మాట్లాడే కుటుంబాలు వచ్చి మగ్గాలు పెట్టుకున్నాయి, వాళ్ల వీధే ఉంది. పాకాల జంక్షన్‌కు రైలు వచ్చిన తర్వాత ఆ పనుల్లో చేరి వచ్చి స్థిరపడిన ఇళ్లున్నాయి. ఊరంటే ఎప్పట్నుంచో అక్కడే ఉన్నవాళ్లని వీళ్ల లెక్క. కండ్రిగ పుట్టిందే ఎవరో వచ్చి దిగినందువల్ల అని వాళ్ల పుస్తకంలోనే రాసుకుని ఇట్లా చేయడమేంటి? చెప్పాను. పేజీలు అయిపోయాయి, ఎనిమిది పేజీలు పెంచితే ఇంకో ఐదు వేలు అన్నారు. జిల్లా చరిత్రకు ముందు ఇరవై పేజీలు ఎట్లా దొరికాయో!

హిస్టరీ అమ్మాయి గురించి విడిగా చెప్పాలి. షాపు వాళ్లు నమ్మకంగా చెప్పుకోవాల్సింది ఆమె గురించే. మగవాళ్లను గుడి ముందర కూర్చోబెట్టి సార్ మాట్లాడుతుంటే ఈమె ఇళ్లల్లోకి పోయింది. "మీ ఊరి చరిత్ర చెప్పండి" అని అడగలేదు. అట్లా అడిగితే మా ఆడవాళ్లు "మాకేం తెలుసమ్మా" అంటారు. "నీళ్లు యాడ్నించి తెచ్చుకునేవాళ్లు? చింతపండు యాడ కొట్టేవాళ్లు? కాన్పుకు ఎవరొచ్చేవాళ్లు?" అని అడిగింది. ఇంక ఆగలేదు వాళ్లు. ఆ మాటల్లోంచి ఆమె తీసింది చేల పేర్లు. ఒక రెండు పేజీల పట్టిక, ఎడమవైపు సర్వే నంబరు, కుడివైపు పేరు. జువ్విమాను చేను, దొరువు కయ్య, గుర్రాల మడి, సాలోళ్ల మిట్ట, దెయ్యాల గుంత, కుమ్మరావము. నా వయసు వాళ్లకే వీటిలో సగం తెలియవు. రీసర్వే తర్వాత వచ్చిన కొత్త పాసుపుస్తకంలో నంబర్లే ఉన్నాయి గానీ ఈ పేర్లు ఏ రికార్డులోనూ లేవు. సాలోళ్ల మిట్ట మీద ఇప్పుడు మామిడి తోట, సాలోళ్లు లేరు. గుర్రాల మడి చూపించి పెద్ద ఇంటివాళ్లు "చూశారా, మా పాళెగాడి గుర్రం" అన్నారనుకోండి, అది వేరే సంగతి.

ఊరి మొదట్లో రాయి ఒకటి ఉంది, కత్తి పట్టుకున్న మనిషి బొమ్మ, మేము వీరన్న అని కుంకం పెడతాం. వీరగల్లు అని, ఆవుల మందల కోసమో ఊరి కోసమో పోరాడి చచ్చినవాళ్లకు నిలిపేవారని, మా జిల్లా అంతటా ఇట్లాంటివి చాలా ఉన్నాయని రాశారు. దానిమీద అరిగిపోయిన అక్షరాలున్నాయి. కమిటీ కుర్రాళ్లు ఫోన్లో యాప్ పెట్టి చదివేద్దామన్నారు. సార్ ఒప్పుకోలేదు. శాసనం అచ్చు తీయాలంటే తెలిసినవాళ్లు తడి కాగితం వేసి సిరాతో తీయాలి, మైసూరులో కేంద్రప్రభుత్వ శాసన శాఖ ఉంది, అక్కడికి రాద్దాం, అప్పటిదాకా చదవలేదనే రాస్తాం అన్నారు. పుస్తకంలో ఫొటో కింద 'చదవవలసి ఉంది' అని ఉంది. ఇంకెవరైనా అయితే దాన్ని చోళరాజు చేసేసేవాళ్లు.

అచ్చు విషయానికొస్తే మొహమాటం లేకుండా చెబుతా, డబ్బుకు తగ్గట్టు లేదు. అట్ట బాగుంది, లోపల కాగితం పలచన. జిగురు బైండింగు, రెండుసార్లు పూర్తిగా తెరిస్తే మధ్య పేజీలు చేతికొస్తున్నాయి. పిన్నులు కొట్టించుకుంటే మేలు. మామూలుగా టైపు చేసినదాన్ని డీటీపీ ఫాంటులోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోయాయి. చరిత్రలో ఎగిరిపోతే ఎవరూ పట్టించుకోలేదు. దాతల పేజీలో ఎగిరిపోయాయి. వెయ్యినూటపదహార్లు ఇచ్చిన మా చిన్నాన్న ఇంటిపేరు ఇంకో కులం ఇంటిపేరు అయిపోయింది. ఊరి పేరు గొడవ ఒక పూటలో తేలింది గానీ ఈ గొడవ ఇప్పటికీ నడుస్తోంది. దాతల పేజీని మాత్రం పెన్నుతో రాసిచ్చి, ప్రూఫుమీద ఒక్కొక్కరితో సంతకం పెట్టించుకోండి. మ్యాపు అద్భుతం. గ్రామ నక్షమీద చెరువులు, వంకలు, పాత దారులు, చేల పేర్లు వేసిచ్చారు. చాలామంది పుస్తకం పక్కనపెట్టి మ్యాపు ఫ్రేము కట్టించుకున్నారు.

టైముకు ఇస్తారా అంటే ఇవ్వరు. భారతం మొదలయ్యే రోజుకు అన్నారు, అర్జున తపస్సు రోజుకు సగం కాపీలు, దుర్యోధన వధ రోజు పొద్దున మిగతా సగం ఆటోలో వచ్చాయి. ఆ టెన్షన్ మీకొద్దు. మీ పండగకు నెలన్నా ముందు తేదీ చెప్పండి.

ఇంత డబ్బు పెట్టలేమనుకుంటే సొంతంగా కూడా కొంత చేసుకోవచ్చు. 2011 చిత్తూరు జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్ సెన్సస్ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది. అందులో గ్రామ డైరెక్టరీలో మీ ఊరి జనాభా, బడి, నీళ్లు, బస్సు, సాగు భూమి ఉంటాయి. అది అప్పటి చిత్తూరు జిల్లా పుస్తకం కాబట్టి, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న సూళ్లూరుపేట వైపు ఊళ్లు అందులో ఉండవు, అవి నెల్లూరు పుస్తకంలో చూడాలి. సత్యవేడు వైపు వాళ్లకు ఇంకో చిక్కు, ఆ ఊళ్లు 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రం చెంగల్పట్టు జిల్లా నుంచి మనకొచ్చాయి, తిరుత్తణి అటు పోయింది. కాబట్టి 1951 లెక్కలు చెంగల్పట్టు పుస్తకంలో ఉంటాయి. తహసీల్దారు ఆఫీసులో డైగ్లాట్, ఆర్.ఎస్.ఆర్. అనే పాత భూమి రిజిస్టర్ల నకళ్లకు అర్జీ పెట్టుకోవచ్చు. ముసలోళ్లను అడగడానికి మాత్రం ఎవరి వెబ్‌సైటూ అక్కర్లేదు, వాళ్లుండగా అడగాలి. మా తాళాల ముసలమ్మకు ఎనభై దాటాయి.

మొత్తంమీద అయిదుకు మూడున్నర ఇస్తాను. పేరు అధ్యాయానికీ, చేల పేర్లకూ, మ్యాపుకూ అయిదుకు అయిదు. బైండింగుకు ఒకటి. వచ్చినవాళ్లను వదిలేసినందుకు సున్నా. వేయించుకునేవాళ్లు హిస్టరీ అమ్మాయి వస్తుందో లేదో ముందే కనుక్కోండి, ఆమె రాకపోతే బేరం ఆడుకోండి. సాఫ్ట్ కాపీ, రికార్డుల నకళ్లు, రికార్డు చేసిన మాటలు అడ్వాన్సు ఇచ్చే రోజే కాగితం మీద రాయించుకోండి. మేము రాయించుకోలేదు, ఇప్పుడు ముసలోళ్ల మాటల ఆడియోకు విడిగా మూడు వేలు అడుగుతున్నారు. రెండు వేలకు వచ్చారు, ఇంకా మాట్లాడుతున్నాం.